బిల్లు లేని రోజుల లెక్క: ఉద్యోగం వదిలి కాంట్రాక్టర్ అయిన ఒక కేసు

నేను హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. పర్మనెంట్ ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుందామని సలహా కోసం వచ్చే ఐటీ వాళ్లను ఏటా చూస్తుంటాను. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఇందులో నేను చేసిన రెండు తప్పులు. ఆ తప్పులకు డబ్బు కట్టింది నేను కాదు, నన్ను నమ్మి వచ్చిన మనిషి. పేరు, కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. అంకెలను కాస్త అటూ ఇటూగా గుండ్రం చేశాను. ఆమెను ఇక్కడ లలిత గారు అంటాను. రాసింది ఆమె చదివి, ఒప్పుకున్న తర్వాతే బయటపెడుతున్నాను.

నేపథ్యం

2023 ఆగస్టులో వచ్చారు. వయసు ముప్పై ఏడు. టెస్ట్ ఆటోమేషన్‌లో (సాఫ్ట్‌వేర్‌ను ప్రోగ్రాములతో పరీక్షించే పనిలో) పదమూడేళ్ల అనుభవం. చివరి కంపెనీలో 2019 జనవరి నుంచి ఉన్నారు. సీటీసీ, అంటే కంపెనీ ఆమె మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 24 లక్షలు. పీఎఫ్, పన్ను అన్నీ పోను, వేరియబుల్ పే కలుపుకుంటే ఏడాదికి చేతికి వచ్చేది 17 లక్షల పైచిలుకు. భర్త ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, జీతం నెలకు 45 వేలు. ఇద్దరు పిల్లలు. మామగారు, అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మామగారికి షుగర్, బీపీ. ఇద్దరు పెద్దవాళ్లూ ఆమె ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. ఇల్లు కొనడానికి లోన్ ప్రాసెస్ అప్పటికే మొదలైంది.

ఉద్యోగం ఎందుకు మానాలనుకుంటున్నారని అడిగాను. జీతం గురించి మొదట ఎత్తలేదు. "సార్, నాలుగేళ్లుగా నేను టెస్టింగ్ చేయడం లేదు. రోజంతా మీటింగులు, ఎస్కలేషన్లు, ఎవరు ఎక్కడున్నారో స్ప్రెడ్‌షీట్‌లో నింపడం. నాకు వచ్చిన పని నేను మర్చిపోయేలా ఉన్నాను" అన్నారు. ఈ మాటను నోట్స్‌లో రాసుకున్నాను. కేవలం డబ్బు కోసం మారేవాళ్లు మొదటి గ్యాప్‌లోనే వెనక్కి వెళ్లిపోవడం చూశాను. ఈమెకు అంతకంటే బలమైన కారణం ఉందని అనిపించింది.

వచ్చిన ఆఫర్

ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెకు కాంట్రాక్టు ఇస్తామంది. నెలకు 2.75 లక్షలు, 22 పనిదినాల లెక్కన, పనిచేసిన రోజులకు మాత్రమే. ఆమె లెక్క చాలా సూటిగా ఉంది. 2.75 లక్షలను 12తో గుణిస్తే 33 లక్షలు. అప్పటి ఆదాయపు పన్ను చట్టం (1961) సెక్షన్ 44ఏడీఏ కింద ఐటీ వృత్తిలో ఉన్నవాళ్లు వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టవచ్చు కాబట్టి పన్ను రెండు లక్షల చిల్లర. మిగిలేది 31 లక్షలు. ఉద్యోగంలో చేతికొచ్చేది 17 లక్షలు. "ఇంకేం ఆలోచించాలి సార్?" అన్నారు.

44ఏడీఏ గురించి ఆమె తెలుసుకున్నది తప్పు కాదు. ఏడాది ఫీజు 50 లక్షల లోపు ఉంటే, నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉన్నా, ఈ వెసులుబాటు వర్తిస్తుంది. తప్పు ఎక్కడుందంటే, ఏడాదికి పన్నెండు నెలలూ బిల్లు వేస్తానని అనుకోవడంలో.

కాంట్రాక్టు ముసాయిదా తెప్పించుకుని చదివాను. నాలుగు చోట్ల పెన్సిల్‌తో గీతలు పెట్టాను. మొదటిది, రేటు పక్కన "అన్ని పన్నులతో కలిపి" అన్న మాట. రెండోది, బిల్లు ఇచ్చిన 60 రోజులకు చెల్లింపు. మూడోది, ఆమె మానాలంటే 60 రోజుల ముందు చెప్పాలి, వాళ్లు మాన్పించాలంటే 15 రోజులు చాలు. నాలుగోది, పనిలో తప్పు వల్ల కంపెనీకి ఎంత నష్టం వచ్చినా, పరిమితి లేకుండా ఆమే భరించాలి.

పన్నులతో కలిపి అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది. సేవలు అందించేవాళ్ల ఏడాది టర్నోవర్ తెలంగాణలో 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రేటు 18 శాతం. పన్ను లోపలే ఉందంటే ఆమె రోజు రేటు 12,500 కాదు, 10,593.

తర్వాత రోజుల లెక్క వేశాం. కాగితం మీద ఆమెతోనే వేయించాను, ఎందుకంటే నేను చెబితే నమ్మడం వేరు, చేత్తో తీసేసుకుంటూ వస్తే తెలిసేది వేరు. 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261. పండుగ సెలవులు 12 తీస్తే 249. జ్వరాలు, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలకు 15 తీస్తే 234. ఒక కాంట్రాక్టుకూ ఇంకో కాంట్రాక్టుకూ మధ్య ఖాళీకి 30 పనిదినాలు తీయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నాకు అంత ఖాళీ రాదు సార్" అన్నారు. వాదించకుండా, ఆ గడి పెన్సిల్‌తో నింపమన్నాను. మిగిలింది 204. కొత్త పని కోసం ఇంటర్వ్యూలు, బిల్లు వేయలేని మాటామంతీకి ఇంకో 8 తీస్తే 196 రోజులు.

196 రోజులను 10,593తో గుణిస్తే 20.76 లక్షలు. కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, ఇతర ఖర్చులు మొదటి ఏడాది 1.9 లక్షలు. అప్పటి కొత్త విధానం స్లాబుల ప్రకారం పన్ను సుమారు 68 వేలు. మిగిలేది 18 లక్షల చిల్లర. ఉద్యోగం వైపు చేతికి వచ్చే 17.3 లక్షలకు పీఎఫ్‌లో ఇద్దరి వాటా కలిపి 2.3 లక్షలు, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం) కింద పేరుకునే 46 వేలు కలిపితే 20 లక్షలు. అంటే 31 లక్షలు అనుకున్నది ఉద్యోగం కంటే రెండు లక్షలు తక్కువకు దిగింది.

ఆమె చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నారు. "అయితే వద్దంటారా?" అన్నారు. వద్దనలేదు. ఆ రేటుకు, ఆ షరతులకు వద్దన్నాను.

మొదట తేల్చినవి

కంపెనీ పెట్టాలా అన్న ప్రశ్నను త్వరగా ముగించాం. ఒక్కరే సభ్యులుగా ఓపీసీ పెడితే గౌరవంగా ఉంటుందని ఎవరో చెప్పారట. 44ఏడీఏ వ్యక్తులకు, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) కాని భాగస్వామ్య సంస్థలకే తప్ప కంపెనీలకు వర్తించదు. పైగా టర్నోవర్ ఎంతున్నా ఆడిట్, ఆర్వోసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫైలింగులు తప్పవు. సొంత పేరుతోనే పని మొదలుపెట్టమన్నాను.

ఎక్కువ ఆలోచించింది ఎప్పుడు రాజీనామా చేయాలన్న దాని మీద. ఆమె ఆ వారమే ఇద్దామనుకున్నారు. నోటీసు 90 రోజులు కాబట్టి నవంబరు మధ్యలో బయటికి వస్తారు. అప్పటికి సర్వీసు నాలుగేళ్ల పది నెలలు. అప్పట్లో అమల్లో ఉన్న గ్రాట్యుటీ చట్టం 1972 ప్రకారం ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది. కానీ ఆమె కంపెనీ హెచ్ఆర్ మాత్రం ఐదేళ్లు నిండాల్సిందేనని చెప్పింది. గట్టిగా అడిగితే వచ్చే అవకాశం ఉంది. అయితే కొత్త వృత్తి మొదలుపెట్టే నెలలోనే పాత యజమానితో లేబర్ అధికారి ముందు నిలబడటం నాకు ఇష్టం లేదు. రిఫరెన్సుల కోసం రేపు మళ్లీ వాళ్లనే అడగాలి.

గ్రాట్యుటీ మొత్తం ఎంత? బేసిక్ 80 వేలు. దాన్ని 15తో గుణించి 26తో భాగించి ఐదేళ్లకు లెక్కిస్తే 2.3 లక్షలు. ఒక్క దానికోసమైతే రెండు నెలలు ఆగమని చెప్పేవాణ్ని కాదు. కాంట్రాక్టులో నెల రోజుల బిల్లు కూడా దాదాపు అంతే. ఆగమనడానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి.

ఒకటి హోమ్ లోన్. సొంతంగా పనిచేసేవాళ్లను బ్యాంకులు మామూలుగా రెండు, మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి. అంటే ఇప్పుడు మానేస్తే ఇల్లు రెండేళ్లు వెనక్కి పోతుంది. లోన్ సెప్టెంబరులో విడుదల కావాల్సి ఉంది. నోటీసు ఇచ్చాక ఆ సంగతి దాచి లోన్ తీసుకోవడానికి నేను ఒప్పుకోనని ముందే చెప్పాను. అంతకంటే ముఖ్యంగా, 48 వేల ఈఎంఐని ఆమె ఆదాయం ఆగిపోయినా ఆరు నెలలు కట్టగలరా అని భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి అడిగాను. ఆయన చాలా నిదానస్తుడు. "మా నాన్న మందులు, పిల్లల ఫీజులు, ఈఎంఐ. ఈ మూడూ ఆగకూడదు సార్. మిగతావి సర్దుకుంటాం" అన్నారు. ఇంటి ఖర్చు నెలకు 1.25 లక్షలని తేల్చుకున్నాం. ఆయన జీతం పోను 80 వేలు ఆమె తేవాలి.

రెండోది మామగారి ఇన్సూరెన్స్. ఉద్యోగం వదిలిన రోజే గ్రూప్ పాలసీ పోతుంది. డెబ్బై దగ్గరపడిన షుగర్ పేషెంట్‌కు కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు ఏళ్ల తరబడి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారితే, అప్పటికే గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. దీనికి జీతం జాబితాలో పేరు ఉండగానే దరఖాస్తు చేయడం మంచిది. ఈ పనిని ఆమె భర్త తన మీద వేసుకున్నారు. మెడికల్ టెస్టులు, రెండుసార్లు తిరస్కరించిన కాగితాలు, ఫోన్లు, అన్నీ కలిపి ఏడు వారాలు పట్టింది. పెద్దవాళ్లిద్దరి ప్రీమియం 62 వేలు. అంత డబ్బా అని ఇంట్లో గొడవైందట. ఆ గొడవలో నేను ఆయన పక్షం.

లోన్ సెప్టెంబరులో పడింది. రాజీనామా అక్టోబరు మధ్యలో ఇచ్చారు. చివరి రోజు 2024 జనవరి రెండో వారం, ఐదేళ్లు నిండాక. ఖాళీ సమయంలో పాత కంపెనీల పీఎఫ్ ఖాతాలను ఒక్క యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల శాశ్వత నంబరు) కిందికి బదిలీ చేయించాను.

కాంట్రాక్టు ఇచ్చే కంపెనీ జనవరి దాకా ఆగుతుందా అన్నదే అందరి టెన్షన్. ఆగింది. ఆమెలాంటి అనుభవం ఉన్నవాళ్లు వాళ్లకు వెంటనే దొరకలేదు. అదే మాకు బేరమాడే ధైర్యాన్నిచ్చింది. రోజుకు 15 వేలు, జీఎస్టీ అదనం అని అడిగాం. జీఎస్టీ విషయంలో నేను రాసిచ్చిన వాదన ఒక్కటే: మీరు కట్టే 18 శాతం మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వస్తుంది, మాకు మాత్రం అది జేబులోంచి పోయే సొమ్ము. దానికి వాళ్ల అకౌంట్స్ విభాగమే ఒప్పుకుంది. రేటు 14 వేల దగ్గర ఆగింది. చెల్లింపు 45 రోజులు, నోటీసు రెండు వైపులా 30 రోజులు, నష్టపరిహారం మూడు నెలల ఫీజుకు మించకూడదు. ఈ రేటుతో 196 రోజుల లెక్క మళ్లీ వేస్తే ఏడాదికి 24 లక్షలు మిగులుతాయి. ఉద్యోగం కంటే నాలుగు లక్షలు ఎక్కువ. ఆమె సంతోషించారు. నేనూ సంతోషించాను.

ఎక్కడ దెబ్బతింది

మొదటి రెండు నెలల్లో ఆమెను కుంగదీసింది జీఎస్టీ. ఫిబ్రవరి బిల్లు 2.8 లక్షలు, మీద జీఎస్టీ 50,400. మార్చి 20 నాటికి ఆ పన్ను కట్టాలి. కస్టమర్ డబ్బు మాత్రం ఏప్రిల్ మధ్యలో వస్తుంది. "రాని డబ్బు మీద పన్నా?" అని ఫోన్ చేశారు. బిల్లు వేసిన నెలకే పన్ను బాధ్యత వస్తుందని నేను ముందే చెప్పాను. కానీ దానికి విడిగా డబ్బు పక్కన పెట్టించలేదు. చెప్పడం వేరు, డబ్బు పక్కన పెట్టించడం వేరు.

జనవరి బిల్లు కూడా 45 రోజులు దాటినా రాలేదు. ఇక్కడ ఒక ముందుజాగ్రత్త పనికొచ్చింది. పని మొదలుపెట్టకముందే ఆమెతో ఉద్యమ్ పోర్టల్‌లో (చిన్న సంస్థల కోసం ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సైటు) సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేయించాను. పని అయిపోయాక రిజిస్టర్ చేసుకుంటే ఆ పాత బిల్లులకు రక్షణ ఉండదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది కాబట్టి వరస ముఖ్యం. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) కూడా తోడైంది. గడువు దాటిన బాకీని మార్చి 31లోగా కట్టకపోతే, ఆ ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది లెక్కలో చూపుకోలేడు. మార్చి 18న ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి మర్యాదగా ఒక మెయిల్ పంపించాం. బిల్లు మార్చి 28న పడింది. ఆ తర్వాత జూన్ దాకా బిల్లులన్నీ గడువులోగా వచ్చాయి.

జూలై దాకా అంతా సవ్యంగా నడిచింది. నా మొదటి తప్పు ఈ సవ్యంగా ఉన్న కాలంలోనే జరిగింది. మే నెలలో ఆమె "వేరే క్లయింట్‌ను కూడా వెతకాలా?" అని అడిగారు. "మొదటి ఏడాది కుదురుకోండి, తొందర లేదు" అన్నాను. అప్పుడు నా దృష్టి అంతా పన్ను మీద, రిటర్నుల మీద ఉంది. ఆమె ఆదాయం మొత్తం ఒకే ఒక మనిషి నిర్ణయం మీద నిలబడి ఉందన్న సంగతి నాకు తట్టాల్సింది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఒక్కరే జీతం ఇస్తారు. కానీ అక్కడ తీసేయడానికి మూడు నెలలు పడుతుంది.

ఆగస్టు 14న ప్రాజెక్టు ఆపేశారు. ఒప్పందంలో 30 రోజుల నోటీసు ఉంది కదా అని ఆమె అడిగితే వచ్చిన జవాబు నా రెండో తప్పును బయటపెట్టింది. నోటీసు ఇస్తున్నాం, ఆ 30 రోజులూ ఒప్పందం అమల్లోనే ఉంటుంది, కానీ ఇవ్వడానికి పని లేదు, బిల్లు పనిచేసిన రోజులకే కదా అన్నారు. ఒప్పందంలోని మాటల ప్రకారం వాళ్లు చెప్పిందే సరైన అర్థం. రోజువారీ బిల్లు ఉన్న ఒప్పందంలో, నెలకు కనీసం ఇన్ని రోజులని రాయకుండా నోటీసు గడువు ఒక్కటే రాయించడం వల్ల ఉపయోగం లేదు. ఆ 15 రోజులను 30 చేయించానని నేను సంతోషించిన క్లాజు అది.

జూలై, ఆగస్టు బిల్లులు కలిపి 4.48 లక్షలు ఆగిపోయాయి. వాటి మీద 80,640 జీఎస్టీ ఆమె చేతి నుంచి కట్టారు. ఇల్లు కొన్నాక మిగిలిన 4 లక్షలు, గ్రాట్యుటీ 2.3 లక్షలు కలిపి పక్కన పెట్టిన నిధి వేగంగా కరగడం మొదలైంది. సెప్టెంబరులో మామగారి కాలికి పుండు ముదిరి హాస్పిటల్‌లో చేర్చారు. ఖర్చు 1.8 లక్షలు. షుగర్‌తో ముడిపడిన జబ్బయినా, వెయిటింగ్ పీరియడ్ లేకుండా బీమా సంస్థ నేరుగా కట్టింది. 62 వేల ప్రీమియం మీద గొడవ మళ్లీ రాలేదని ఆమె భర్త నాకు చెప్పారు.

మార్చిలో పనిచేసిన మెయిల్ ఈసారి పనిచేయలేదు. సెప్టెంబరులో ఆర్థిక సంవత్సరం ముగింపు ఒత్తిడి ఏ అకౌంట్స్ విభాగానికీ ఉండదు. చిన్న సంస్థల బకాయిల కోసం అప్పట్లో ఉన్న ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టే వీలుంది. ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కూడా చట్టం ఇస్తుంది. ఆమె ఆలోచించి వద్దన్నారు. కొత్త క్లయింట్లు రిఫరెన్సు అడిగేది వీళ్లనే. నాకు మనసొప్పలేదు కానీ, ఆ నిర్ణయం ఆమెది. వడ్డీ లెక్క కట్టి, ఫిర్యాదు ముసాయిదా జతచేసి ఒక రిజిస్టర్డ్ లెటర్ పంపించాం. అసలు మాత్రం డిసెంబరులో వచ్చింది.

పాత ఆఫీసు పిలుపు

ఖాళీగా ఉన్న ఏడో వారంలో పాత మేనేజర్ ఫోన్ చేశారు. కాంట్రాక్టర్‌గా తిరిగి రమ్మని. అదే టీమ్, ఉదయం 10 నుంచి 7, కంపెనీ ల్యాప్‌టాప్, సెలవు కావాలంటే ఆయన అనుమతి, వేరే పని చేయకూడదు, నెలకు స్థిరంగా 2 లక్షలు. ఆమె దాదాపు ఒప్పేసుకున్నారు. ఆ పరిస్థితిలో ఎవరైనా ఒప్పుకుంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి "రేపు పొద్దున సంతకం పెడుతున్నాను సార్, మీకు చెప్పాలనిపించింది" అన్నారు.

ఒక్క రోజు ఆగమన్నాను. నా అభ్యంతరం ఇది. పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో వాళ్లే చెబితే, పరికరాలు వాళ్లవే అయితే, సెలవు వాళ్లే ఇస్తే, దాన్ని కాంట్రాక్టు అని రాసినంత మాత్రాన అది వృత్తి కాదు. కోర్టులు కాగితం మీది పేరు కాకుండా యజమాని అదుపు ఎంతుందో చూస్తాయి. పన్ను అధికారి దాన్ని జీతమే అంటే 44ఏడీఏ పోతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అయితే ఎలాగూ ఉండవు. ఉద్యోగంలోని బరువంతా ఉండి, ఉద్యోగంలోని రక్షణ ఏదీ లేని ఏర్పాటు అది. అంతకంటే పర్మనెంట్‌గా తిరిగి చేరడమే మేలని చెప్పాను, మనస్ఫూర్తిగానే చెప్పాను.

కానీ ఆ ఫోన్‌లో ఒక మంచి సంగతి ఉంది. వాళ్లకు ఆమె పని కావాలి. మర్నాడు ఇద్దరం కూర్చుని ఎదురు ప్రతిపాదన రాశాం. ఫలానా మాడ్యూళ్ల టెస్ట్ సూట్ రాసి అప్పగించే పని, వారానికి 3 రోజులు, సొంత ల్యాప్‌టాప్, సమయాలు ఆమె ఇష్టం, ఇతర క్లయింట్లకు పనిచేసే స్వేచ్ఛ, రోజుకు 14 వేలు, పని ఉన్నా లేకున్నా నెలకు కనీసం 10 రోజుల బిల్లు. పాత మేనేజర్ పది రోజులు జవాబు ఇవ్వలేదు. ఆ పది రోజులూ ఆమె కంటే నేనే ఎక్కువ భయపడ్డాను. సంతకం పెట్టబోతున్న మనిషిని ఆపింది నేను. అక్టోబరు చివర్లో ఒప్పుకున్నారు.

మిగతా రెండు రోజులు ఆమె వెతకడానికి వాడుకున్నారు. 2025 జనవరిలో పాత సహోద్యోగి ద్వారా ఒక అమెరికా సంస్థలో వారానికి 12 గంటల పని దొరికింది. విదేశీ పనికి కొన్ని మెట్లున్నాయి, వరస తప్పకూడదు. మొదటి బిల్లుకు ముందే జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ (ఎగుమతి షరతులు పాటిస్తామన్న హామీపత్రం) దాఖలు చేస్తే 18 శాతం కట్టకుండా ఎగుమతి చేయవచ్చు. అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వాలి. డబ్బు విదేశీ మారకంలో వచ్చినట్టు బ్యాంకు సర్టిఫికెట్ ప్రతి చెల్లింపుకూ తీసి పెట్టుకోవాలి. ఆమె అమెరికాకు విదేశీ వ్యక్తి అని ధ్రువీకరించే డబ్ల్యూ-8బెన్ ఫారం ఆ సంస్థకు ఇచ్చాం. పని ఇండియాలో కూర్చుని చేస్తున్నందువల్ల అక్కడ పన్ను కోత ఉండదు.

ఇంట్లో డబ్బు నడిచే తీరును కూడా అప్పుడే మార్చాం. అన్ని ఫీజులూ ఒక ఖాతాలో పడతాయి. పడిన రోజే జీఎస్టీ మొత్తం రెండో ఖాతాకు వెళ్తుంది. ఇంకా డబ్బు రాని బిల్లుల పన్నుకు వాడుకోవడానికి అందులో లక్ష రూపాయలు ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఒకటో తారీఖున ఇంటి ఖాతాకు 80 వేలు, నెల బాగున్నా బాగోకపోయినా అంతే. ఆ మొత్తం మారకపోవడం వల్ల ఇంట్లో పెద్దవాళ్ల ఆందోళన తగ్గిందని ఆమె అన్నారు. అత్తగారు ఇప్పటికీ దాన్ని "కోడలి జీతం" అనే అంటారట.

లెక్క తేలింది

2024-25లో మొత్తం ఫీజు 26 లక్షల చిల్లర. పది వారాల ఖాళీ, ఆసుపత్రి రోజులు అన్నీ కలిసిన అంకె ఇది. 44ఏడీఏ కింద ఆదాయం 13.25 లక్షలు, పన్ను 1.09 లక్షలు. ఇక్కడి క్లయింట్లు సెక్షన్ 194జే కింద 10 శాతం చొప్పున కోసిన టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా మినహాయించే పన్ను) 2.2 లక్షలు కాబట్టి లక్ష పైగా రిఫండ్. చాలామంది రిఫండ్ వస్తే సంబరపడతారు. ఖాళీ రోజుల్లో ఆ లక్ష ఆమె చేతిలో ఉండాల్సింది. తర్వాతి ఏడాదికి తక్కువ రేటుతో టీడీఎస్ కోసేలా సెక్షన్ 197 కింద దరఖాస్తు పెట్టాం.

ఈ కేసు తర్వాత నా దగ్గర రెండు మారాయి. కాంట్రాక్టు చదివేటప్పుడు రేటు కంటే ముందు, పని లేని నెలలో ఎంత వస్తుందన్న క్లాజు కోసం చూస్తాను. ఆర్నెల్లు దాటినా ఒకే క్లయింట్‌తో ఉన్నవాళ్లకు, వాళ్లు అడగకపోయినా, నేనే ఫోన్ చేస్తున్నాను. అది చార్టర్డ్ అకౌంటెంట్ పని కాదని నా భాగస్వామి అంటారు. మే నెలలో ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు గుర్తున్నంత కాలం చేస్తూనే ఉంటాను.

ఒకటి మాత్రం ఇంకా సరిచేయలేకపోయాం. ఉద్యోగంలో ఏడాదికి 2.3 లక్షలు ఆమె ప్రమేయం లేకుండానే పీఎఫ్‌లో పడేవి. మొదటి ఏడాది పీపీఎఫ్‌లో ఆమె వేసింది 60 వేలు. ప్రతి నెలా ఏదో ఒక అవసరం దానికి ముందు వచ్చి నిలబడుతుంది. మొన్న ఏప్రిల్‌లో ఎల్‌యూటీ కోసం వచ్చినప్పుడు, ఒక్కో బిల్లు పడగానే 8 శాతం నేరుగా ఎన్‌పీఎస్‌కు (జాతీయ పెన్షన్ పథకానికి) వెళ్లేలా పెట్టుకున్నారు. మూడు బిల్లులకు వెళ్లింది. నాలుగో బిల్లు రోజున పెద్దబ్బాయి కోచింగ్ ఫీజు ఉందట, ఆ నెలకు ఆపారు. జూలైలో మళ్లీ కూర్చుంటాం.